పెరటిలో కొత్త పుంజు

పుదుచ్చేరిలో ముత్యాల్‌పేట వైపు ఒక పాత ఇల్లు. వీధి వైపు అరుగు, లోపల నాలుగు స్తంభాల నడుమ వాకిలి, వెనుక ఒక నుయ్యి, మునగచెట్టు, చుట్టూ మనిషెత్తు ప్రహరీ. ఆ పెరటిలో ఏడు కోడిపెట్టలు ఉండేవి. ఒక కార్తిక మాసంలో, నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వాన వెలిసిన మరునాడు, వాటి నడుమ తిరిగే ముసలి పుంజు గూటిలోనే చనిపోయి కనిపించింది.

ఆ మరునాటి నుండి ఆ ఇంట్లో తెల్లవారడమే ఆలస్యమైనట్లు తోచేది. సూర్యుడు తన వేళకే వచ్చేవాడు. పాలవాడు తన వేళకే వచ్చేవాడు. వేకువ వచ్చిందని చెప్పే గొంతు మాత్రం లేదు. ఆ గొంతు కోసం చీకటిలో మేలుకొని ఎదురుచూసేది ఒక్క మామ్మగారే.

ఆమెది యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరు రోడ్డు దారిన పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. పరిపాలనలో మాత్రం రెండూ ఒకే ఇల్లు. 1954లో ఫ్రెంచివారి ఏలుబడి ముగిసినప్పటికీ, వారు పాలించిన పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అన్న నాలుగు ముక్కలు నేటికీ ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా ఉన్నాయి. అందువలన యానాం ఉద్యోగికి పుదుచ్చేరి బదిలీ వింత కాదు. ఆమె కొడుకు అలాగే వచ్చి స్థిరపడ్డాడు. భర్త పోయిన తరువాత ఆమెను కూడా తీసుకొని వచ్చాడు. సామాన్ల లారీలో, మడత మంచానికీ ఇత్తడి బిందెకూ నడుమ, ఒక గంప కింద ఆ పుంజు కూడా వచ్చింది. పెట్టలన్నీ ఇక్కడివే, పిల్లలుగా కొని పెంచినవి. ఆ పుంజు కాళ్ళ సందున తిరుగుతూ పెద్దవైనవి. కనుక వాటికీ దానికీ పొత్తు ఎలా కుదరాలన్న ప్రశ్న ఏనాడూ రాలేదు.

ఆమె వచ్చి రెండో ఏడు నడుస్తున్నది. కొడుకు తన చేతనైనదంతా చేశాడు. సాయంత్రాలు సముద్రపు ఒడ్డున గాంధీ విగ్రహం దగ్గరికి తీసుకొని వెళ్ళాడు. మణక్కుళ వినాయకుని గుడికి తిప్పాడు. ఇరుగుపొరుగు ఆడవారిని పిలిచి పరిచయం చేశాడు. ఆమె దేనికీ కాదనలేదు. పరిచయమైన వారికి నమస్కారం పెట్టింది. తమిళం రాక చిరునవ్వు నవ్వింది. వెనుక వసారాకు వచ్చి కూర్చున్నది. మాటల్లో ఎప్పుడూ 'మీ ఊరు' అనేదే గాని, ఇల్లు కూడా ఆమెకు 'మీ ఇల్లే'. పెరటి విషయానికి వచ్చినప్పుడు మాత్రమే 'మన పెట్టలు' అనేది.

పుంజు పోయిన నెలకు ఆమె నోరు తెరిచి అడిగింది: "ఏరా, ఒక పుంజును తేకూడదూ?"

గుడ్ల కోసం పుంజు అక్కరలేదని కొడుకుకు తెలుసు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పొదిగితే పిల్ల కాదు, అంతే తేడా. కాని అమ్మ రెండేళ్ళలో నోరు తెరిచి అడిగినది అదొక్కటే. ఆదివారం ఉదయం ఆమె కోడలితో గుడికి వెళ్ళిన సమయంలో, ఆయన స్కూటరు మీద విల్లియనూరు వైపు ఒక పల్లెకు వెళ్ళి, ఒక రైతు ఇంట ఆరేడు నెలల పుంజును బేరమాడి తెచ్చాడు. అమ్మ తిరిగి వచ్చేసరికి పుంజు పెరటిలో తిరుగుతూ ఉండాలి, ఆమె ఆశ్చర్యపోవాలి. ఆ సంబరంలో గంప తెచ్చి నడి పెరటిలో బోర్లించి, పుంజును పెట్టల మధ్యకు వదిలి, చేతులు దులుపుకొని కాఫీ తాగడానికి లోపలికి వెళ్ళాడు.

లోపలికి కేకలు వినిపించేసరికి పది నిమిషాలు కూడా కాలేదు. మెడ మీద తెల్లని మచ్చలున్న పెద్ద పెట్ట, ఇంట్లోవారు బొల్లి అని పిలిచేది, కొత్త పుంజును గోడ మూలకు తరిమింది. మిగిలినవి వెనుక నుండి కమ్ముకున్నాయి. పుంజు తురాయి చిట్లి నెత్తురు కారుతున్నది. ఆ ఎరుపు చూసిన కొద్దీ పెట్టలు అక్కడే పొడుస్తున్నాయి. అది ఎదురు తిరగలేదు; తల దాచుకోవడానికి చాకిరేవు బండ వెనుక దూరింది; అక్కడ కూడా దారి మూసుకొనిపోయేసరికి ఒక్కసారి రెక్కలు విదిల్చి, మునగకొమ్మ మీదికి, అక్కడి నుండి ప్రహరీ మీదికి, అక్కడి నుండి వీధిలోకి ఎగిరింది. ఆయన వీధి తలుపు తీసి పరుగెత్తేసరికి వీధికుక్కలు తమ పని ముగించాయి.

గుడి నుండి వచ్చిన అత్తాకోడళ్ళు వీధి మొదట్లోనే ఈకలు చూశారు. మామ్మగారు ఎవరినీ ఏమీ అనలేదు. ఆ రోజు అన్నం తినలేదు. సాయంకాలం కొడుకు వసారాలో పక్కన కూర్చున్నప్పుడు మాత్రం పెట్టల వైపే చూస్తూ అన్నది: "కొత్తవాణ్ణి తెచ్చి నడిమధ్యన నిలబెట్టి, మన పనికి మనం పోతే ఎలారా? పిలిచి తెచ్చుకొని గెంటినట్లయింది గదా!"

ఆయన తల వంచుకున్నాడు. ఆ మాట పుంజును గురించి అన్నదే. అయినా ఆ రాత్రి చాలాసేపు ఆయనకు నిద్ర పట్టలేదు.

పెట్టలది దుష్టత్వం కాదు. కోళ్ళ గుంపు బయటికి గందరగోళంగా కనిపించినా, లోపల ఒక గట్టి కట్టుబాటు ఉన్నది. దానిని మొదట శాస్త్రరీత్యా గుర్తించినవాడు నార్వే దేశస్థుడు తోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె. 1894లో పుట్టిన ఆయన, చిన్ననాటి నుండే కోళ్ళను ఒక్కొక్కదానిని గుర్తుపట్టి, ఏది దేనిని పొడుస్తున్నదో పుస్తకంలో రాసుకునేవాడు. 1922లో జర్మన్ భాషలో ప్రకటించిన పరిశోధనలో ఆయన చెప్పినది ఇది: గుంపులో ప్రతి కోడికీ ఒక మెట్టు ఉన్నది. పై మెట్టున ఉన్నది కింది వాటిని పొడవవచ్చు. కిందిది తిరిగి పొడవదు, తొలగిపోతుంది. అన్నిటికన్నా కింద ఉన్నది అందరి దెబ్బలూ తిని, అందరూ తిన్న తరువాత తింటుంది. నేడు మనుషుల కార్యాలయాల గురించి, కుటుంబాల గురించి కూడా వాడుతున్న 'పొడుచుకునే వరుస' అన్న భావన పుట్టినది కోళ్ళ దొడ్డిలోనే.

ఈ వరుస క్రూరమైనదిగా తోచవచ్చు. కాని అది స్థిరపడిన గుంపులో కొట్లాట చాలా తక్కువ. ఎవరి చోటు వారికి తెలుసు గనుక, ఒక చూపుతో, ఒక మెడ విసురుతో పని జరిగిపోతుంది. 1940ల దశకంలో షికాగో విశ్వవిద్యాలయంలో ఆలీ, గుల్ అనే శాస్త్రజ్ఞులు రెండు రకాల గుంపులను పోల్చి చూశారు. ఒకదానిలో సభ్యులను మార్చలేదు. రెండవదానిలో తరచుగా పాతవాటిని తీసి కొత్తవాటిని పెట్టారు. మారుతూ ఉన్న గుంపులోని కోళ్ళు ఎక్కువగా పొడుచుకున్నాయి, తక్కువగా తిన్నాయి, తూకం తగ్గాయి, గుడ్లు కూడా తక్కువ పెట్టాయి. కొత్తగా వచ్చిన ఒక్క ప్రాణి ఒక్క చోటును మాత్రమే ఆక్రమించదు. అందరి చోట్లనూ అనుమానంలో పడవేస్తుంది. ఏడు పెట్టలలో ప్రతి ఒక్కటీ దానితో తన లెక్క తేల్చుకోవాలి. అంత పనిని ఒక్క ఆదివారం ఉదయం, పారిపోవడానికి చోటు లేని నాలుగు గోడల మధ్య, కాఫీ తాగే వ్యవధిలో జరిగిపోవాలని ఆ ఇంటాయన ఆశించాడు.

యానాం వైపు పల్లెల్లో ఇంత ఇబ్బంది రాదు. అక్కడ దొడ్డికి దడి ఉంటే ఉన్నది, లేకుంటే లేదు. కొత్త పుంజు దెబ్బ తిన్నా అరటితోట గట్టు మీదికి పోయి నిలబడుతుంది. ఆకలి వేసినప్పుడు దగ్గరికి వస్తుంది. పొడిస్తే మళ్ళీ తొలగుతుంది. అలా పదిరోజులు దూరం దూరంగా తిరిగి, ఒక సాయంత్రం ఎవరికీ తెలియకుండా గూటిలో చేరుతుంది. పట్టణపు పెరటిలో ఆ దూరం లేదు. లేని దూరాన్ని మనిషే కల్పించాలి.

మరునాడు ఆయన ఊరిలోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళి జరిగినది చెప్పాడు. వైద్యుడు అంతా విని, మొదట అడిగినది పోట్లాట గురించి కాదు. "ఆ పుంజుకు రోగం ఏదైనా ఉన్నదేమో చూశారా?" అన్నాడు. చూడలేదు. ఆ ప్రశ్నే తోచలేదు. కొత్త కోడి పొడిచేది ముక్కుతో మాత్రమే కాదు, తన వెంట తెచ్చిన రోగంతో కూడా. మన వైపు కొక్కెర తెగులు అనే రాణిఖేత్ వ్యాధి పెరటి గుంపులోకి వస్తే ఒక్కొక్కసారి వారం రోజులలో గూడు ఖాళీ అవుతుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో, ఆ వెంటనే మన హిమాలయ సానువులలోని రాణిఖేత్‌లో కనిపించినందువలన దానికి ఆ రెండు పేర్లు. దానికి టీకా ఉన్నది; తగిలిన తరువాత మందు లేదు. కనుక కొత్త కోడిని కనీసం మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచవలె. తిండి గిన్నె వేరు, నీళ్ళ గిన్నె వేరు. ముందు పాత గుంపు పని చూసుకొని, ఆ తరువాతనే కొత్తదాని దగ్గరికి పోవలె. తిరిగి వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కోవలె. రెక్కల కిందా తోక మొదట్లోనూ పేలు ఉన్నాయేమో వెదకవలె. రెట్ట రంగు చూడవలె. తుమ్ముతున్నదా, కన్ను ఉబ్బిందా గమనించవలె.

ఈ సంగతులన్నీ కొడుకు ఇంటికి వచ్చి చెప్పినప్పుడు, రోగం మాట విని మామ్మగారు తల ఊపింది. మిగిలినది ఆమెకు కొత్త కాదు. "మా అత్తగారు కొత్త పుంజును పదిరోజులు గంప కిందనే ఉంచేది. పెట్టలు దాని చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయేవి" అన్నది. పశువైద్యుడు కళ్ళకు కనబడాలి, ముక్కుకు అందకూడదు అని చెప్పినదీ ఇదే.

రెండవసారి పుంజును ఎంచినది ఆమె. కొడుకు స్కూటరు మీద కాదు, ఆటోలో, ముగ్గురూ కలిసి వెళ్ళారు. ఎంత తలెత్తి నడిచినా పందెపు జాతి వద్దన్నది. గోదావరి జిల్లాలలో సంక్రాంతి పందేల కోసం పెంచే పుంజులను వేరువేరుగా కట్టి పెంచుతారు. ఎదుటి పుంజును చూస్తే మీదపడడమే వాటికి అలవాటు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఆ పందేలను నిషేధించినా ఆ పెంపకం పోలేదు. అటువంటిది పెరటికి పొసగదు. మరీ పిల్లపుంజు కూడా వద్దన్నది. ముదిరిన పెట్టల ముందు అది నిలువలేదు. ఏడాది దాటి, పెట్టల గుంపులో తిరిగిన అలవాటు ఉన్నదాని కోసం వెదికింది. చివరకు ఒక ఇంట నూకలు చల్లినప్పుడు తాను తినకుండా కొక్కొక్కు మంటూ పెట్టలను పిలిచిన ఎర్రని డేగపుంజు దగ్గర ఆగింది. "ఇది సంసారి" అన్నది.

ఆ సంసారి మొదటి నెలంతా మేడ మీద ఒంటరిగా గడిపింది. వైద్యుడు టీకా వేశాడు. మామ్మగారు బూడిదా ఇసుకా కలిపి ఒక తొట్టిలో పోస్తే అందులో పొర్లాడి పేలు వదిలించుకొనేది. మొదటి మూడు రోజులు గొంతు విప్పలేదు. నాలుగవ నాటి వేకువన కూసింది.

ఇంట్లోవారికి దిగులు పట్టుకున్నది. మేడను ఆనుకొని ఉన్న పక్క మేడ, ఒకనాడు ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న ఒక పెద్దాయనది. ముసలి పుంజు కూత కింద నుండి వచ్చేది. ఈ కూత ఆయన కిటికీలోనే మోగుతున్నది. రాత్రివేళ గూటి మీద మందపు గోనె కప్పారు గాని, కోడికి వెలుతురు ఒక్కటే గడియారం కాదు. జపానులోని నగోయా విశ్వవిద్యాలయంలో 2013లో జరిగిన పరిశోధనలో, ఎప్పుడూ ఒకే మసక వెలుతురులో ఉంచినప్పటికీ పుంజులు సుమారు ఇరవై నాలుగు గంటలకు ఒకసారి, తెల్లవారబోయే వేళకు కూశాయి. గడియారం వాటి లోపలే ఉన్నది.

పెద్దాయన రానే వచ్చాడు. గోడ మీదుగా తొంగి చూశాడు. గొడవ పెట్టుకుంటాడని కోడలు భయపడింది. ఆయన పుంజును చాలాసేపు చూసి నవ్వాడు. అది ఫ్రాన్సు దేశపు గుర్తు అన్నాడు. లాటిన్ భాషలో ఆ దేశస్థులకూ పుంజుకూ ఒకే మాట, 'గాలుస్'. ఫ్రెంచిలో దానిని 'కోక్' అంటారు. తమిళంలో 'సేవల్', మురుగన్ జెండా మీద ఉన్నదీ అదే. కోడలు ఈ మాటలను తెలుగు చేసి చెప్పింది. 'కోక్' అన్న మాట వినగానే మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "మా వైపు కోక అంటే చీర అని చెప్పవే ఆయనతో" అన్నది. ఆ ఊరికి వచ్చిన తరువాత ఆమె పైకి నవ్వడం అదే మొదలు.

పుంజు పసుపుపచ్చని కాళ్ళను కూడా ఆయన మెచ్చుకున్నాడు. ఆ పసుపు రంగు వెనుక ఒక కథ ఉన్నది. దానిలో పుదుచ్చేరికీ యానాంకూ కూడా చోటున్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో పియెర్ సొనెరా అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ తీరంలో చాలాకాలం తిరిగాడు. 1790ల తొలి యేండ్లలో యానాంలో ఫ్రెంచివారి అధికారిగా కూడా ఉన్నాడు. 1782లో ప్రకటించిన తన యాత్రా గ్రంథంలో ఆయన దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడిని వర్ణించి, పెంపుడు కోళ్ళకు మూలపురుషుడు అదేనన్నాడు. శాస్త్రలోకం తరువాత ఆ కోడికి ఆయన పేరే పెట్టింది. ఆయన మాటను మాత్రం ఒప్పుకోలేదు. 1868లో డార్విన్ ఎర్రని అడవికోడినే మూలంగా చెప్పాడు; నేటి జన్యుశాస్త్రమూ ప్రధానంగా అదే అంటున్నది. అయితే 2008లో స్వీడను దేశపు ఉప్సలా శాస్త్రజ్ఞులు ఒక చిత్రం కనుగొన్నారు. పెంపుడు కోళ్ళ చర్మానికీ కాళ్ళకూ పసుపు రంగునిచ్చే జన్యువు ఎర్రని అడవికోడిది కాదు. బూడిదరంగు అడవికోడి నుండి వచ్చినది. అంటే, అప్పటికే మనుషుల పంచన చేరి స్థిరపడిన కోళ్ళ గుంపులోనికి, ఎప్పుడో ఒక దక్షిణాది కొత్తకోడి కూడా ప్రవేశించింది. మొదట్లో దానికి ఎంత మర్యాద జరిగిందో మనకు తెలియదు గాని, దాని రంగు మాత్రం నేడు లోకంలోని కోట్ల కోళ్ళ కాళ్ళ మీద ఉన్నది.

నెల గడిచింది. రోగచిహ్నం ఏదీ లేదు. పుంజును పెరటిలోకి దింపారు. పెద్ద వెదురుగంప కింద ఉంచి, పైన రాయి పెట్టారు. బొల్లి మొదటి రోజు గంప చుట్టూ మెడ ఈకలు నిక్కించి తిరిగింది. సందులలో నుండి ముక్కు దూర్చి పొడవబోయింది. లోపలి పుంజు వెనుకకు జరగడానికి చోటుంది గనుక జరిగింది. కొడుకు ఆ సందులకు లోపలి వైపున సన్నని ఇనుపవల కట్టాడు. మామ్మగారు నూకలూ తవుడూ గంపకు రెండు వైపులా చల్లేది. లోపల అది తింటుంటే బయట ఇవి తినేవి. రెండవ నాడు బొల్లి అరగంట తిరిగింది. నాలుగవ నాడు ఒకసారి వచ్చి చూసి పోయింది. వారం నాటికి, అన్నిటికన్నా కింది మెట్టున ఉన్న కుంటిపెట్ట గంప నీడలోనే పడుకున్నది. పెద్ద పెట్టలు అక్కడికి రావు గనుక దానికి అదే హాయి.

కొడుకు తొందరపడ్డాడు. "ఇంక వదలవచ్చు గదమ్మా?" అన్నాడు.

"నీకేం తొందర? అది అడిగిందా?" అన్నది ఆమె.

ఈ రోజులలో పెరటి స్వరూపం మారింది. ఒకే చోట ఉండే తిండితొట్టి మూడైంది. నీళ్ళ మూకుడులు మూడైనాయి. ఒకరు కాపలా కాస్తే మరొకరు తినలేని స్థితి ఉండకూడదు. మూలలకు అడ్డంగా పాత తలుపు చెక్కనూ, విరిగిన బుట్టలనూ నిలబెట్టారు; ప్రతి చాటుకూ రెండు దారులు ఉండేటట్లు చూశారు. దూరడానికి ఒక దారి, తప్పించుకోవడానికి ఒక దారి. ఒక దారి మాత్రమే ఉన్న చాటు చాటు కాదు, బోను. మొదటి పుంజు చచ్చినది ఆ కారణంగానే. మునగకొమ్మలు కొట్టించి, పుంజు ఒక రెక్క కొసలు కత్తిరించారు. తోటకూర కట్ట ఒకటి ఎగిరి అందుకొనే ఎత్తులో వేలాడదీశారు. పని ఉన్న ముక్కు పోట్లాటకు పోదు.

పన్నెండవ నాటి సాయంకాలం, పెట్టలన్నీ గూటిలో కర్ర మీదికి చేరి చీకటి పడిన తరువాత, మామ్మగారు పుంజును చంకన పెట్టుకొని వెళ్ళి, కర్ర కొసన, కుంటిపెట్ట పక్కన కూర్చోబెట్టింది. చీకటిలో కోడికి చూపు ఆనదు, కదలదు, కలబడదు. రాత్రంతా ఒకే గాలి పీల్చి, తెల్లవారి కలిసి లేస్తే, కొత్తదనం కొంత తగ్గుతుంది. అయితే దానినే నమ్మి నిద్రపోరాదు. ఇంకా చీకటి ఉండగానే తల్లీకొడుకులు పెరటిలో పీటలు వేసుకొని కూర్చున్నారు. కొడుకు చేతిలో కర్ర ఉన్నది. ఆమె దానిని తీసి పక్కన పెట్టింది.

"పొడుచుకుంటే?"

"పొడుచుకోనీ. నెత్తురు కనబడితే లేద్దాం. అందాకా మనం చూసేవాళ్ళమే."

గూటి తలుపు తీయగానే బొల్లి దిగింది. వెనుకనే పుంజు దిగింది. రెండూ ఎదురెదురుగా మెడలు సాచి నిలబడ్డాయి. బొల్లి ఎగిరి ఒక పోటు పొడిచింది. పుంజు పారిపోలేదు; మీదపడలేదు. పక్కకు తిరిగి, ఒక రెక్కను నేల రాచుకుంటూ దాని చుట్టూ సగం చుట్టు నడిచింది. బొల్లి మళ్ళీ పొడిచింది. పుంజు ఈసారి తన ఎత్తంతా నిలబడి ఒక్క పోటు తిరిగి ఇచ్చింది. కొడుకు సగం లేచాడు. ఆమె చెయ్యి ఆయన మోకాలి మీద పడింది. రెండు క్షణాలు ఏమీ జరగలేదు. అప్పుడు బొల్లి, ఏదో పని జ్ఞాపకం వచ్చినట్లు, కిందికి వంగి నేల గీకడం మొదలుపెట్టింది. పుంజు తోటకూర కింద రాలిన ఆకు ఒకటి చూసి, కొక్కొక్కు మని పిలిచింది. మొదట వచ్చినది కుంటిపెట్ట.

అంతటితో అంతా చక్కబడిందని అనుకోరాదు. మరి రెండు వారాలు చిన్న చిన్న తగాదాలు సాగాయి. ఒక నల్లపెట్ట తన మెట్టు తేలక, కనబడిన ప్రతిదానినీ పొడిచింది. మూడు రోజులు గుడ్లు తగ్గాయి. ఒకనాడు పుంజు తురాయి కొద్దిగా చిట్లితే వెంటనే తీసి, పసుపు అద్ది, ఆరేవరకు గంప కింద ఉంచారు. ఎరుపు కనబడితే పొడవడం కోళ్ళ స్వభావం. ఏడు పెట్టలకు ఒక పుంజు చాలు. మరొకటి ఉంటే పెట్టల వీపుల మీద ఈకలు మిగలవు. ఈ ఒక్కదానితోనే అయినా ఆమె రోజూ పెట్టల వీపులు తడిమి చూసేది.

ఒక మధ్యాహ్నం ఆకాశంలో గద్ద తిరిగింది. పుంజు తల పక్కకు వంచి, ఒంటి కంటితో పైకి చూసి, సన్నగా సాగదీసి ఒక కూత కూసింది. నేల మీది పిల్లిని చూసి వేసే కేక వేరు, ఆకాశంలోని గద్దను చూసి వేసే కేక వేరు; పెట్టలకు ఆ భేదం తెలుసు. ఏడూ ఒక్కసారిగా తలుపుచెక్క చాటుకు దూరాయి. అన్నిటికన్నా ముందు దూరినది బొల్లి. పుంజు చివరి వరకు బయటనే నిలబడింది. ఆనాటితో దాని మెట్టు ఖాయమైందని ఆ ఇంట్లోవారి నమ్మకం.

కోళ్ళ సంగతి అలా ఉండగా, గోడ మీద మరొక వ్యవహారం నడుస్తూ వచ్చింది. పెద్దాయన భార్య తవుడు కావాలేమో అడగడానికి ఒకసారి, పుంజు ఎలా ఉన్నదో చూడడానికి ఒకసారి గోడ దగ్గరికి వచ్చేది. ఆమెకు తెలుగు రాదు. ఈమెకు తమిళం రాదు. ఆమె 'సేవల్' అంటే ఈమె 'పుంజు' అనేది. ఆమె 'ముట్టై' అంటే ఈమె 'గుడ్డు' అనేది. ఎవరూ పిలిచి పరిచయం చేయలేదు. నడుమ గోడ ఉన్నది. దాని మీదుగా ఇచ్చి పుచ్చుకోవడానికి ఏదో ఒకటి ఉన్నది. ఎవరికి విసుగు వస్తే వారు లోపలికి పోవచ్చు. నెల తిరిగేసరికి రోజూ నాలుగు గంటలకు గోడకు అటొక పీట, ఇటొక పీట పడసాగాయి.

కొడుకు ఇది గమనించాడు; ఏమీ అనలేదు. తాను రెండేళ్ళు ఆమెను పెరటి నడిమధ్యన నిలబెట్టి, పదిమందినీ పిలిచి, 'ఇదిగో, కలిసిపొండి' అన్నాడు. కావలసినది అది కాదని ఇప్పుడు ఆయనకు తెలుసు. కొత్తగా వచ్చినవారికి మొదట కావలసినది ఆదరణ కూడా కాదు; కొంత దూరం, కొంత వ్యవధి, తప్పుకోవడానికి ఒక దారి. మిగిలినది వారే చూసుకుంటారు. పక్కన కూర్చొని ఉండడమే మన పని. చేతిలో కర్ర అక్కరలేదు.

వేసవి సెలవులు వచ్చాయి. యానాంలో బంధువుల ఇంట పెళ్ళి. తల్లికి సంతోషం కలుగుతుందని కొడుకు ముందుగానే రైలు టిక్కెట్లు తీయబోతూ వచ్చి అడిగాడు. రెండేళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది.

ఆమె గూటి ముందు కూర్చొని ఉన్నది. లోపల బొల్లి, ఒళ్ళంతా ఉబ్బించుకొని, తొమ్మిది గుడ్ల మీద కదలకుండా కూర్చున్నది. గూటి మీద డేగపుంజు ఒంటి కాలి మీద నిలబడి ఉన్నది.

"ఇప్పుడెలా వస్తానురా?" అన్నది మామ్మగారు. "నిన్ననే పొదుగుకు కూర్చుంది. ఇరవై ఒక్క రోజులు. మీరు వెళ్ళి రండి. మన ఇల్లు నేను చూసుకుంటాను."